కల్తీ పువ్వు

మొగ్గలు ఇంకా విచ్చుకోలేదు. బయల్దేరామని అన్నయ్య ఫోన్ చేసిన దగ్గర్నుంచి వరండా మెట్టు మీద కూర్చుని ఒకసారి గేటు వైపు, ఒకసారి ఈ చంద్రకాంత మడి వైపు చూస్తున్నాను. ఎండ ఎదురింటి గోడ దిగిపోతే తప్ప ఇవి మూతి విప్పవు, ఎంత బతిమాలినా విప్పవు, ఈ ఇంటి పెంపకమే అలాంటిది. అన్నయ్య తన కొడుకునీ కోడలినీ వాళ్ళకి పుట్టిన పాపనీ తీసుకొస్తున్నాడు. నాన్నకి మునిమనవరాలు. ఇంతవరకూ చూడలేదు, ఇవాళే చూస్తాడు. ఫోన్ పెట్టేసే ముందు అన్నయ్య నవ్వుతూ, "ఒసేయ్, దానికి నీ కళ్ళే వచ్చాయే. అచ్చు పిల్లికళ్ళు. నాన్నకి చెప్పకు, తనే చూస్తాడు" అన్నాడు. తనకేం, ఎన్నైనా అంటాడు. నల్లటి కళ్ళతో పుట్టినవాళ్ళకి ఏదైనా నవ్వుతూ అనడం వస్తుంది. నేను మాత్రం ఫోన్ పెట్టేసి లెక్క కట్టుకున్నాను. అన్నయ్య మనవరాలికి వచ్చాయంటే అవి అన్నయ్యలోంచే వచ్చాయి. వదిన వైపూ కోడలి వైపూ వాళ్ళందరివీ కాటుక కళ్ళు, పెళ్ళిళ్ళలో ఒక్కొక్కళ్ళవీ చూశాను, అలా చూడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. అన్నయ్య నాన్న కొడుకే, ఆ సంగతి ఎవరూ ఏనాడూ కాదనలేదు, ముక్కూ నడకా ఆఖరికి తుమ్మూ నాన్నవే. మరి ఈ రంగు ఈ రక్తంలో ఉన్నట్టేగా. ఇవాళ ఆ పసిదాని కళ్ళలోకి చూసి నాన్న ఒక్క మాట అనాలి. దీనివి మా అమ్మాయి కళ్ళు, అనాలి. మా అమ్మాయి. అంతే, ఇంకేం వద్దు. యాభై దాటిన మనిషిని, తల సగం నెరిసింది, మెట్టు మీద కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, ఆ రెండు మాటల కోసం బడి పిల్లలా కాచుకుని కూర్చున్నాను. సిగ్గేస్తోంది. అయినా లేవలేదు.

"ఎవరక్కడ?" నాన్న కేక, వెనక పేము కుర్చీలోంచి. నేనే. "మంచినీళ్ళు." లేచి ఇచ్చాను, గ్లాసు అందుకున్నాడు, తాగాడు, గ్లాసు ఇచ్చేశాడు, ఈ మొత్తంలో ఆయన చూపు నా మోచెయ్యి దాటి పైకి రాలేదు. చెవుడు లేదు, చూపు మందగించలేదు, పేపరు కళ్ళద్దాలు లేకుండా చదువుతాడు. ఈ ఇంట్లో ఉండేది మేమిద్దరమే, మూడో మనిషి లేడు, అయినా ఎవరక్కడ. చిన్నప్పుడైతే ఆ పిల్లని రమ్మను, ఆ పిల్ల తిందా, ఆ పిల్ల చెప్పులు అడ్డం తియ్యమను. అమ్మ పోయాక రమ్మనడానికి మధ్యలో మనిషి లేకుండా పోయింది, అప్పట్నుంచి ఎవరక్కడ అయ్యాను. అన్నయ్యని మాత్రం ఒరే నాన్నా అని పిలుస్తాడు. అన్నయ్య నాన్నని నువ్వు అంటాడు, నేను మీరు అంటాను. నాకెవరూ నేర్పలేదు, పరాయివాళ్ళతో ఎలా మాట్లాడాలో పిల్లలకి ఒకరు నేర్పక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కరెంటు మీటర్లు చూసే పని నాన్నది. ఇంటింటికీ వెళ్ళి, మెట్ల కింద మూలల్లో బూజు పట్టిన అద్దాల వెనక అంకెలు టార్చి వేసి చదివేవాడు. ఎంత మసి పట్టినా ఆయన చదవలేని మీటరు లేదని ఆఫీసులో పేరు. ఆ టార్చి ఒక్కసారి నా మొహం మీద వేసి చూసి ఉంటే సరిపోయేది.

చూడ్డం నా పని కూడా. పెయింట్ల దుకాణంలో రంగులు కలుపుతాను. గోడ పెచ్చు ఊడదీసి తెస్తారు, కర్టెన్ ముక్క కత్తిరించి తెస్తారు, ఇదే రంగు కావాలమ్మా, వీసమెత్తు తేడా రాకూడదు అంటారు. మిషన్ ఉంది, నంబరు కొడితే డబ్బాలో చుక్కలు పడతాయి, కానీ మిషన్‌కి తెలియని రంగులు కొన్ని ఉంటాయి, అప్పుడు నన్ను పిలుస్తారు. తెలుపులో ఒక చుక్క నలుపు, అర చుక్క పసుపు, పుల్లతో కలిపి వేలిగోరు మీద రాసుకుని గుమ్మంలో వెలుతురుకి పట్టి చూస్తే తెలిసిపోతుంది. ఒకసారి బేరాల్లేని మధ్యాహ్నం చేతి అద్దం ముందు పెట్టుకుని నా కళ్ళ రంగు కలిపాను. మట్టి పసుపు, అందులో ఆకుపచ్చ, ఒక్క చుక్క నలుపు, కాస్త ఎక్కువైంది, మళ్ళీ పసుపు. సాయంత్రానికి కుదిరింది. కుదిరాక దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు, డబ్బా ఇంటికి తెచ్చి ఇదిగో ఈ గేటుకి వేశాను, రెండు కోట్లు. అప్పట్నుంచి రోజూ నాన్న నా కళ్ళు తెరుచుకుని నడకకి వెళ్తాడు, నా కళ్ళు మూసుకుని ఇంట్లోకి వస్తాడు. వేసిన రోజున మాత్రం తడి ఆరిందా అని అడిగాడు. ఆరిందన్నాను.

ఈ మడి నాయనమ్మది, నాన్న తల్లిది. విత్తనాలు తనకి తన తల్లి ఇచ్చిందని, అచ్చ పసుపు జాతి అని, ఇలాంటివి ఇంకెక్కడా దొరకవని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. గోడ పొడుగునా పసుపే ఉండాలి. కానీ చంద్రకాంత ఎవరి మాట వింటుంది, ఏటా ఒకటో రెండో మొక్కలు పసుపు మీద గులాబీ చారలతో, చిమ్మినట్టు చుక్కలతో, సగం ఇదీ సగం అదీగా పూసేవి. పూలు విచ్చుకునే వేళకి నాయనమ్మ కొంగు నడుముకి దోపుకుని తనిఖీకి దిగేది. చారల పువ్వు కంటపడితే చాలు, మొక్కని మొదలంటా పట్టుకుని ఒక్క గుంజు గుంజి గోడ అవతల పడేసేది. గింజ కట్టకముందే పీకెయ్యాలి, లేకపోతే మిగతావాటినీ పాడుచేస్తుంది అనేది. కల్తీ పువ్వు అనేది. ఆ మాట అనేటప్పుడు మొక్కని కాదు, నన్ను చూసేది. ఏ వయసులో అర్థమైందో గుర్తులేదు, అర్థం కాని రోజంటూ ఒకటి కూడా గుర్తులేదు. ఒకసారి ఎండిన గింజ నా అరచేతిలో పెట్టింది, మిరియపు గింజలా నల్లగా, ముడతలుగా. "కళ్ళంటే ఇలా ఉండాలే. మా ఇంట్లో అందరివీ ఇలాంటివే. నీవే ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో" అంది. పువ్వు ఏ రంగుదైనా గింజ నలుపే, చారల మొక్కకి కట్టిన గింజా అంతే నలుపు. అది నాకు అప్పుడు తట్టలేదు, తట్టినా అనే నోరు లేదు. ఆ గింజని రోజంతా గుప్పిట్లో పెట్టుకు తిరిగాను, అందులో నలుపు నాకేమైనా అంటుతుందేమోనని. చెమట అంటింది.

అమ్మని ఎవరూ ఏమీ అనలేదు, అది ఒప్పుకోవాలి. మా ఇంట్లో అరుపులు లేవు, చెయ్యి చేసుకోవడాలు లేవు. నేను పుట్టిన ఏడాది నాన్న మంచం ముందు గదిలోకి మారింది, అంతే, మళ్ళీ వెనక్కి రాలేదు. నా తర్వాత ఇంకెవరూ పుట్టలేదు. ఫీజు కట్టాడు, జ్వరమొస్తే మందు తెచ్చాడు, అన్నయ్యకి బూట్లు కొంటే నాకూ కొన్నాడు. ఆయన ఏ లోటూ చెయ్యలేదని చుట్టాలంతా ఇప్పటికీ అంటారు. నిజమే, మీటర్లకి కూడా ఏ లోటూ చెయ్యలేదు. ఆ మంచం పైన గోడకి పాత ఫోటో ఒకటి ఉంటుంది, నాయనమ్మ తల్లి, ఆవిడ ఒళ్ళో చొక్కా లేని పసివాడు, ఆ పసివాడే నాన్న. నలుపు తెలుపు ఫోటో. అందులో అందరి కళ్ళూ ఒకటే రంగు. వారం వారం స్టూలెక్కి తడిగుడ్డతో తుడుస్తాను, ఈ ఇంట్లో దుమ్ము పట్టనివి నావల్ల ఏవైనా ఉన్నాయంటే అందులో అదొకటి. నాకు పెళ్ళెందుకు కాలేదని అడుగుతారు. అడిగినవాళ్ళు లేక కాదు, ఒకాయన మంచివాడే, బస్సు డ్రైవరు, దుకాణానికి ఊరికే వచ్చి ఊరికే రంగుల కార్డులు తిరగేసేవాడు. రేపు నాకొక పిల్ల పుడుతుంది, దాని ఊయల మీదికి ఎవరో ఒకరు వంగి ముక్కు ఎవరిది, కళ్ళు ఎవరివి అని వెతుకుతారు, ఆ వంగిన తల నేను చూడలేననుకున్నాను. వద్దన్నాను.

అమ్మ పుస్తకాల బైండింగ్ షాపులో చేసేది, వేళ్ళకి ఎప్పుడూ జిగురు వాసన. సాయంత్రం వచ్చి చేతులు ఎంత తోముకున్నా గోళ్ళ కింద తెల్లటి జిగురు పెచ్చు మిగిలిపోయేది, దాన్ని గిల్లుకుంటూ ఈ మెట్టు మీదే కూర్చునేది. ఒకరోజు నా గడ్డం పట్టుకుని మొహం మడి మూలకి తిప్పింది. నాయనమ్మ కంటపడకుండా గచ్చు పగుల్లో పెరిగిన మొక్క. ఒకే మొక్క. ఒక కొమ్మకి పసుపు, ఒక కొమ్మకి గులాబీ, ఇంకో కొమ్మకి రెండూ కలిసిన చారలు. "ఒకటే చెట్టే. చూశావా? దీన్ని ఎవరైనా అడిగారా, ఈ రంగులు ఎక్కడివే అని?" అంది. లేదన్నాను. "అదీ" అంది. నా కళ్ళ గురించి అమ్మ జన్మలో మాట్లాడింది అంతే. పెద్దయ్యాక అమ్మ మీద నాకు మండిపోయేది. ఒక్కసారి ఆయన దారికి అడ్డంగా నిలబడి, ఏమనుకుంటున్నారు నన్ను అని అడగొచ్చుగా. అడగలేదు. ఏ తప్పూ చెయ్యనిదాన్ని నేనెందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలని పౌరుషం. ఆ పౌరుషమే తిని బతికింది, నాకూ అదే వడ్డించింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద, నాన్న రోజూ వచ్చి పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుని వెళ్ళేవాడు. ఆయన లేచి వెళ్ళేటప్పుడు అమ్మ తలుపు వైపే చూసేది. ఇవాళైనా నీ తప్పేం లేదని అంటాడేమో అనుకునేదని నాకు తెలుసు. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, పళ్ళు తినమను దాన్ని, అని నాతో కాకుండా నర్సుతో చెప్పి వెళ్ళేవాడు.

గాలి మారింది. మొగ్గలు వదులవుతున్నాయి, మెలిపెట్టి పిండిన గుడ్డ ముడి విప్పుకుంటున్నట్టు. మొదట వాసన వస్తుంది, తర్వాతే రంగు. అన్నయ్య ఈ పూలతో జుంకాలు చెయ్యడంలో దిట్ట. పువ్వు అడుగున ఆకుపచ్చ బొడిపె ఉంటుంది, దాన్ని నెమ్మదిగా లాగితే లోపలి దారం తెగకుండా జారి పువ్వు కిందికి వేలాడుతుంది, బొడిపె చెవిలో దోపుకోవాలి. ఒక చెవికి పసుపుది, ఒక చెవికి చారలది పెట్టాడు నాకు. నాయనమ్మ వచ్చి చారలది లాగి పారేసింది. ఆ ఒంటి జుంకాతోనే వెళ్ళి నాన్న ముందు నిలబడ్డాను. ఇంకోటేదే అని అడుగుతాడని. అంత వింతగా ఒక చెవికే పువ్వు వేలాడుతుంటే ఎవరైనా అడుగుతారు, దారిన పోయేవాడైనా అడుగుతాడు. నాన్న బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆ రెండు లేసులూ ఎంతసేపు కట్టుకున్నాడో, కట్టి, విప్పి, మళ్ళీ కట్టి, చివరికి పువ్వే వాడి రాలిపోయింది.

నాయనమ్మ పోయాక ఈ మడి బతికిపోయిందనుకున్నాను. ఇష్టమొచ్చినట్టు పూస్తుందిలే అనుకున్నాను. ఒక సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి అమ్మ వంగి చారల మొక్క పీకుతోంది. అదేంటమ్మా అన్నాను. "మడి పాడైపోతుందే" అంది, చేతికంటిన మన్ను దులుపుకుంటూ. నాయనమ్మ మాటే, నాయనమ్మ దులపడమే. చాలా రోజులు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంతకీ ఇప్పుడు నా చేతిలో ఏముంది? మొక్క. మెట్టు పక్కన నిన్న చారల పువ్వు పూసిన మొక్క, ఇందాకే ఎప్పుడో గేటు వైపు చూస్తూ చూస్తూ పీకేశాను, నేనే. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఛీ. పోనీ పీకితే పోతుందా అంటే పోదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పోయినేడు డ్రైనేజీ పైపు పగిలితే ప్లంబరు ఈ మడి తవ్వాడు, గునపానికి నల్లటి గడ్డలు తగిలాయి, ఒక్కొక్కటి పిల్లవాడి తలకాయంత. "ఏంటమ్మా ఇవి, పూల మొక్కలకి ఇంతింత గడ్డలా" అని ఆశ్చర్యపోయాడు. పీకిన ప్రతిసారీ మొదలు దగ్గర తెగి ఆకులూ పూలూ చేతికొచ్చాయి, గడ్డ కింద చల్లగా పడుకునే ఉంది. వాన పడగానే అదే గడ్డ, అవే చారలు. ఇన్నేళ్ళూ వీళ్ళంతా గింజల్ని తిట్టారు.

కారు ఆగింది. గేటు కిర్రుమంది. వదిన సంచులతో, అన్నయ్య గొడుగుతో, మేనల్లుడు నవ్వుతూ, వాళ్ళ వెనక కోడలు పాపని భుజాన వేసుకుని. పాప మొహం నాకు కనపడలేదు. చేతిలో మొక్క అలాగే పట్టుకుని వాళ్ళ వెనకే మెట్లెక్కి నాన్న కుర్చీ పక్కన నిలబడ్డాను, సరిగ్గా ఆయన తలెత్తితే నేను కనపడే చోట. కోడలు వంగి పాపని ఆయన ఒళ్ళో పెట్టింది. వరండాలోకి ఏటవాలుగా వస్తున్న ఎండ పసిదాని మొహం మీద పడింది, అది కళ్ళు చికిలించి, తెరిచింది. నా డబ్బాలో కుదిరిన రంగు. వీసమెత్తు తేడా లేదు. నాన్న దాని మీదికి వంగాడు. ఆయన మొహం మెత్తబడటం నేను పుట్టాక ఇదే చూడటం.

"అరెరె," అన్నాడు. "మా అమ్మమ్మ!"

"ఏంటి నాన్నా?" అన్నాడు అన్నయ్య.

"మా అమ్మమ్మ కళ్ళురా ఇవి. అచ్చం ఆవిడవే. ఎండ పడితే ఇలాగే, బంగారంలా ఉండేవి. ఆవిడ ఒళ్ళోనేగా నేను పెరిగింది, రోజూ ఆ కళ్ళు చూస్తేనే గానీ నిద్రపోయేవాణ్ణి కాదట. వాళ్ళ పెరట్లో కూడా చంద్రకాంతలుండేవి, ఎన్ని రంగులనుకున్నావు! పసుపు, గులాబీ, చారలు..." పాప ముక్కు మీద వేలు పెట్టి ఊపాడు. "ఏమే అమ్మమ్మా, మళ్ళీ వచ్చావా?"

వదిన నవ్వింది. కోడలు నవ్వింది. అన్నయ్య నవ్వబోయి నా వైపు చూసి ఆగిపోయాడు.

"ఆవిడ కళ్ళు మీకు అంత బాగా గుర్తున్నాయా?" అన్నాను. నేనే అడిగాను, ఈ గొంతుతోనే.

"గుర్తులేకపోవడమేంటి?"

"మరి మా అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

పాప మీంచి చూపు తియ్యలేదు. "మా అమ్మకి ఆ కళ్ళంటే పడేది కాదు. పిల్లికళ్ళావిడ కూతురని చిన్నప్పుడు అందరూ ఏడిపించేవారట. ఆ ఊసెత్తితే ఇల్లు పీకి పందిరేసేది. ఎందుకొచ్చిన గొడవ?"

"నాయనమ్మ ముందు వద్దు. అమ్మకి చెప్పొచ్చుగా. అమ్మ ఒక్కదానికి."

"మీ అమ్మ ఎప్పుడూ అడగలేదుగా," అన్నాడు.

వదిన గబగబా పాపకి పాలవేళయిందంది. అందరూ లోపలికి వెళ్ళిపోయారు, అన్నయ్య వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. అనుమానం కాదు. అనుమానమని ఇన్నేళ్ళూ అనుకున్నాను, అనుమానమైతే క్షమించేదాన్నేమో కూడా, అది మనిషిని లోపల్నించి కొరుక్కు తింటుంది, ఆయనా మాతోపాటు కుమిలాడనుకునేదాన్ని. ఈయనకి తెలుసు. ఆ ఫోటో కింద పడుకుని తెలుసు. నాయనమ్మకీ తెలుసు, తన తల్లి కళ్ళు ఆవిడకి తెలియవా, మా అమ్మ మీద మన్ను పోసి తన తల్లిని కప్పెట్టుకుంది, అచ్చ పసుపు అని అబద్ధం ఆడింది. నాయనమ్మే మంచం మార్చమని ఉంటుంది, ఈయన మార్చాడు. ఇంట్లో గొడవ లేకుండా ఉంటే చాలు. అమ్మ తలుపు వైపు చూస్తూ పోయింది. పక్కనే పేపరు చదువుతూ ఈయన నోట్లో ఆ ఒక్క మాట ఉంది, ఖర్చు లేని మాట, మా అమ్మమ్మ కళ్ళే అనే మాట. అది చెప్పడానికి అడగలేదట. నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వచ్చింది, ఆయన మీద, పీకిన ఈ చేతి మీద, పౌరుషం మీద కూడా. మడి నిండా పూలు విచ్చుకున్నాయి. మెట్టు పక్కన మాత్రం ఖాళీ.

లోపల పాప ఏడుపు ఆగింది. వరండాలో చీకటి పడుతోంది, లైటు వెయ్యాలి. నేను ఇంకా కుర్చీ పక్కనే ఉన్నాను, ఆయన తలెత్తితే కనపడే చోటే.

"ఎవరక్కడ?" అన్నాడు నాన్న.

"మీ అమ్మమ్మని," అన్నాను.

మంచినీళ్ళు కావాలన్నట్టు చెయ్యి చాపాడు. మొక్క కింద పడేసి, లోపలికి వెళ్ళి గ్లాసు నింపి తెచ్చి ఇచ్చాను. తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ, నా మోచేతి వైపు చూసి, "చల్లగా లేవు" అన్నాడు.